కంఠమును తోడును

బృందమును వీడకయే గాయకుడు ఒంటరిగా పాడబూనినపుడు అభిమానులకు సంతోషముతోపాటు శంకయు కలుగును. ఫ్రెడ్డీ మెర్క్యురీ 1985 ఏప్రిల్‌లో ‘మిస్టర్ బాడ్ గై’ అను ఆల్బమును వెలువరించినపుడు అట్లే జరిగినది. ‘క్వీన్’ బృందము విచ్ఛిన్నమగునేమో యని పలువురు భయపడిరి. జూలైలో లండన్‌లోని ‘లైవ్ ఎయిడ్’ వేదికపై నలుగురును కలిసి నిలువగా ఆ భయము తీరెను. ఆల్బము గుణదోషములను గూర్చిన వాదము మాత్రము నేటికిని తీరలేదు.

1946లో జాంజిబార్‌లో పార్సీ దంపతులకు జన్మించి, మన పంచ్‌గనీలోని పాఠశాలలో చదువుచు పియానో అభ్యసించిన గాయకుడతడు. ‘క్వీన్’లో నలుగురును పాటలు కట్టువారే, ఒకరి పాటకు తక్కిన మువ్వురు సానపట్టెడివారు. ఈ ఆల్బములోని 11 పాటలును అతడొక్కడు కట్టినవే. తన పనిలో జోక్యము చేసికొననందుకు ఆ మువ్వురికిని రికార్డు అట్టపై పరిహాసముగా కృతజ్ఞత తెలిపెను.

ఆ పరిహాసమే కొందరికి గుచ్చుకొనును. జోక్యము చేసికొనియున్న ఎంత బాగుండెడిదో యని వారి వాదము. బ్రయన్ మే గిటారు లేని లోటును సింథసైజరు పూడ్చలేదనియు, నృత్యశాలల తాళము పాటలన్నిటిని ఒకే పోలికకు దెచ్చినదనియు వారందురు. గిటారు గర్జింపని చోటనే కంఠములోని సన్నని వణకు వినబడునని ఎదుటి పక్షము. ప్రేమకై పడు ఆర్తిని, ఒంటరితనమును ఇంత దాపరికము లేక అతడు మరెక్కడ పాడెనని వీరు ప్రశ్నింతురు.

1991లో మెర్క్యురీ మరణించెను. 1995లో తక్కిన మువ్వురును ఈ ఆల్బములోని రెండు పాటలను గైకొని, అతని కంఠమును నిలిపి, చుట్టును తమ వాద్యములను కూర్చి ‘మేడ్ ఇన్ హెవెన్’ ఆల్బములో చేర్చిరి. కంఠమొకటే, తోడు వేరు. ఇట్టి సాక్ష్యము ఏ వాదమునకైనను అరుదుగా లభించును. పాట నిండుదనము పొందినదని మొదటి పక్షమువారు గెలుపు చాటుకొనిరి. కాని ఆ నిండుదనములో మిత్రుల శోకము పాలెంత? పదేండ్లకు ముందు, అతడు ఎదుట నుండగా, వారట్లే వాయించియుందురా?

ఆ రెండవ రూపమును మెర్క్యురీ వినలేదు, ఔననలేదు, కాదనలేదు. మొదటి రూపములో లోపములున్నను అవి అతడు కోరి యుంచుకొన్నవి. రెండవదానిని మిక్కిలిగా ప్రేమించుటకు శ్రోతకు స్వేచ్ఛ కలదు. అందుచేత మొదటిది చిత్తుప్రతి యని తీర్పు చెప్పుట మాత్రము న్యాయము కాదు.