మాయల పకీరు మారగలడా?

బాలనాగమ్మ కథలో మాయల పకీరు ప్రాణము వాని దేహమున లేదు; ఏడు సముద్రముల కావల నొక చిలుకలో నున్నది. బాలవర్ధిరాజు ఆ చిలుకను చంపగానే పకీరు చచ్చును. “వాడు మంచివాడు కాలేడా, మాష్టారూ?” అని నార్సింగిలో మా తరగతి బాలిక యొకతె యడిగినది. కాలేడనియే చెప్పితిమి. పశ్చాత్తాపమునకు లోపల నొక చోటు కావలెను. కథకుడు వాని కా చోటు నీయలేదు.

వాల్మీకిని గూర్చి జనులు చెప్పుకొను బోయ కథ వేరు. తన పాపములో పాలు పంచుకొందురా యని అతడు ఆలుబిడ్డల నడిగెను; వారు కాదనిరి; అతడు మారెను. తన్ను తాను ప్రశ్నించుకొనగలవాడు మారగలడని మా నమ్మకము.

కథలో పకీరును చంపుట తప్పు గాదు. మనుష్యులను పకీరులుగా నెంచుట తప్పు. 1871 నాటి నేరస్థ జాతుల చట్టము కులములకు కులములనే పుట్టుదొంగలుగా నెంచినది. 1911 చట్టముతో నది మద్రాసు రాజధానికిని వ్యాపించినది; స్టువర్టుపురమున ఎరుకలవారిని కాపలాలో నుంచిరి. 1952లో చట్టము పోయినది గాని, ఆ పేరు పోలేదు. పిమ్మట హేమలతా లవణం గారు అచ్చటి దొంగలను మార్చుటకు పూనుకొని, వారి బిడ్డలకు చదువు చెప్పించిరి. మారుట వారి పని. మారినవారిని నమ్ముట ఊరి పని.

బడిలో కలము పోయిన ప్రతిసారియు అందరి చూపులును ఒక్క బాలునిమీదికే పోయినచో, వాని ప్రాణమును చిలుకలో పెట్టినవారము మనమే.