వెర్మాంట్‌లో అయిదో ఋతువు

మనకి ఋతువులు ఆరు. అమెరికాలో నాలుగు. వెర్మాంట్ వాళ్ళకి మాత్రం అయిదు. చలికాలానికీ వసంతానికీ మధ్య, సుమారుగా మార్చి సగం నుంచి మే మొదటి వారం దాకా నడిచే ఆ అయిదోదాన్ని వాళ్ళు ‘మడ్ సీజన్’ అంటారు. బురద కాలం అన్నమాట. ఆ రాష్ట్రంలో సగానికి పైగా రోడ్లు మట్టి రోడ్లే కాబట్టి ఇదేదో సరదాకి పెట్టిన పేరు అనుకోకండి. దగ్గర దారి అని జిపిఎస్ చెప్పినా సరే, ఏప్రిల్‌లో అక్కడ తారు రోడ్డు దిగకండి. కారు ఇరుసు దాకా కూరుకుపోతుంది.

బోస్టన్ వైపు నుంచి ఐ-93 మీద ఉత్తరానికి బయల్దేరితే, న్యూ హాంప్‌షైర్‌లో ఫ్రాంకోనియా నాచ్ కొండల మధ్య నుంచి సాగి, వెర్మాంట్‌లో సెయింట్ జాన్స్‌బరీ దగ్గర ఆ రోడ్డు అయిపోతుంది. అక్కణ్ణుంచి ఐ-91 ఎక్కి కాస్త పైకి పోతే లిండన్‌విల్, దాని పక్కనే ఈస్ట్ బర్క్. రెండు వేల జనాభా కూడా లేని ఆ బర్క్‌కి ఈ చుట్టుపక్కల మౌంటెన్ బైకు ఉన్నవాళ్ళంతా ఒక్కసారైనా వెళ్ళాలనుకుంటారు. కారణం, 1994లో లాభాపేక్ష లేకుండా మొదలైన ‘కింగ్‌డమ్ ట్రెయిల్స్’. అడవుల్లో, పచ్చికబయళ్ళలో 100 మైళ్ళకు పైగా సైకిలు దారులు.

చిక్కల్లా ఏమిటంటే, మా మాసచూసెట్స్‌లో బడి సెలవులు ఏప్రిల్ మూడో వారంలో వస్తాయి. సరిగ్గా ఆ దారులన్నీ మూసి ఉండే వారం! కొండల మీద నడిచేవాళ్ళకీ ఇదే బాధ. 1910లో పుట్టిన గ్రీన్ మౌంటెన్ క్లబ్ కూడా మెమోరియల్ డే దాకా ఎత్తయిన కొండ దారుల వైపు రావద్దనే చెబుతుంది. అయినా కిందటేడు సెలవుల్లో కారు వెనక సైకిళ్ళు కట్టుకునే వెళ్ళాం. ఊళ్ళో తారు రోడ్డు మీద తిరగవచ్చు కదా అని.

మూసి ఉన్న దారి దగ్గర బోర్డు చూసి మా అమ్మాయి మొహం ముడుచుకుంది. “నాన్నా, ఒట్టి బురదే కదా! ఎలాగూ ఎండిపోతుంది కదా!” అంది.

ఎండిపోతుంది. కానీ గాడి అలాగే ఎండుతుంది. చలికాలంలో అక్కడ నేల కొన్ని అడుగుల లోతు దాకా గడ్డకడుతుంది. ఎండ కాయగానే కరిగేది పైపొర ఒక్కటే. కింద ఇంకా మంచే కాబట్టి కరిగిన నీటికి ఇంకే దారి ఉండదు. ఇంకని నీటితో పైమట్టి నానిన బెల్లంలా అయిపోతుంది. ఆ సమయంలో సైకిలు పోతే చక్రం వెంట పొడుగాటి గాడి పడుతుంది. మంచి దారిని కొండవాలుకి అడ్డంగా, బయటి అంచువైపు రవ్వంత వంచి కడతారు. వాన నీరు దాన్ని దాటి పక్కకి జారిపోవాలని. గాడి పడిందా, నీరు దాటదు, దారి పొడుగునా పారుతుంది. ఒక్క వేసవిలోనే వేర్లు బయటపడి, అది దారి కాక వాగు అవుతుంది. తర్వాత వచ్చినవాడు బురద అంటకుండా పక్క నుంచి పోతాడు, ఆ తర్వాతివాడు ఇంకొంచెం పక్క నుంచి. అలా రెండడుగుల దారి పదడుగులవుతుంది.

మాది పశ్చిమ గోదావరిలో వరి పండే ఊరు. నాట్లకి ముందు మేం పొలంలో నీరు పెట్టి దమ్ము చేసేది ఎందుకని? మట్టి గుల్లదనం చచ్చి, సందులు పూడి, నీరు కిందికి దిగకుండా మడిలో నిలవాలని. ఏప్రిల్‌లో సైకిలు చక్రం అడవి దారికి చేసేదీ అచ్చంగా అదే పని. మడికి కావలసింది దారికి పనికిరాదు. ఇదంతా మా అమ్మాయికి చెబితే, “మరి తాతయ్య పొలంలో సైకిలు తొక్కొచ్చా?” అని అడిగింది. తాతయ్యనే అడగమన్నాను.

ఇంకో సంగతి ఉంది. ఆ 100 మైళ్ళలో చాలా భాగం సొంతదారుల నేల. వంద మందికి అటూ ఇటూగా రైతులు, ఇళ్ళవాళ్ళు డబ్బు తీసుకోకుండా దారి ఇచ్చారు. మన పల్లెల్లో పుంత దారులకే తగాదాలు కోర్టు కెక్కుతాయి, మనకి తెలియనిది కాదు. డార్లింగ్ హిల్ మీద ముగ్గురు యజమానులు 2019 డిసెంబరులో తమ నేల మీద సైకిళ్ళకి ఇక దారి లేదని చెప్పారు. బురద వల్ల కాదు లెండి. పెరిగిన రద్దీ, కొందరు సైకిలువాళ్ళ మర్యాద లేని తీరు. 2020లో పటంలో ఆ ముక్క తెగిపోయింది. ఇచ్చినవాళ్ళు ఏ రోజైనా వెనక్కి తీసుకోవచ్చు. వాళ్ళు మూసి ఉంచమన్న ఆరు వారాలు ఓపిక పట్టడం నా దృష్టిలో అద్దె కట్టడం లాంటిది. చాలా చవకైన అద్దె కూడా.

ఆ మధ్యాహ్నం ఒక మేపుల్ సిరప్ కాచే పాకకి వెళ్ళాం. దేశంలో తయారయ్యే మేపుల్ సిరప్‌లో సుమారు సగం వెర్మాంట్‌దే. రాత్రి గడ్డకట్టి పగలు కరిగే వాతావరణంలోనే చెట్టు రసం కారుతుంది. అంటే బురదనిచ్చేదీ, సిరప్‌నిచ్చేదీ ఒకే వాతావరణం! 40 గ్యాలన్ల రసం కాచితే ఒక గ్యాలను పాకం. మన బెల్లం వండే గానుగ దగ్గరి వాసనే, కాస్త పొగ ఎక్కువ. పొయ్యి దగ్గరున్న పెద్దాయన మా కారు వెనక సైకిళ్ళు చూసి, “ఈ నెలలో నా పొలంలోకి నా ట్రాక్టరే దించను నేను” అన్నాడు. నేను పావుగంట చెప్పిన దానికంటే ఆ ఒక్క మాట మా అమ్మాయికి బాగా ఎక్కింది.

వెళ్ళదలచుకున్నవాళ్ళకి రెండు మాటలు. తెరిచి ఉన్న దారి మీదైనా సరే, వెనక్కి చూస్తే చక్రం గుర్తు లోతుగా కనబడుతోందా, అక్కడే తిరిగి వచ్చెయ్యండి. మధ్యలో చిన్న మడుగు వస్తే పక్క నుంచి పోకుండా దాని మధ్య నుంచే పొండి. పిల్లలకి ఇది చెప్పనక్కర్లేదు, పెద్దవాళ్ళకే చెప్పాలి. ఇంటికొచ్చాక నీటిని ధారగా కొట్టి సైకిలు కడగకండి, బేరింగుల్లోకి నీరు పోతుంది. బకెట్టూ, బ్రష్షూ, గొలుసుకి నాలుగు చుక్కల నూనె చాలు.

మామూలుగా మే మొదట్లో కింది దారులు ఒక్కొక్కటే తెరుస్తారు. ఎండ తగిలే దక్షిణపు వాలు ముందు ఆరుతుంది, చెట్ల నీడది ఆఖర్న. ఫోను చేసి కనుక్కుని బయల్దేరండి. మే సగానికి నేల గట్టిపడుతుంది. సరిగ్గా అప్పుడే బ్లాక్ ఫ్లైస్ అనే నల్లటి కుట్టే ఈగలు కూడా మొదలవుతాయి, వాటికి మందు మర్చిపోకండి.