సర్జాపుర: లారీ ఇంటికి చేరే ఊరు

సర్జాపుర రోడ్డు వేరు, సర్జాపుర ఊరు వేరు. బెంగుళూరులో సర్జాపుర రోడ్డు అనగానే అగర, ఇబ్బలూరు, విప్రో ఆఫీసు, వరసగా అపార్టుమెంట్లు, వాటికి నీళ్లు తోలే ట్యాంకర్లు గుర్తొస్తాయి. అదే రోడ్డు మీద దొమ్మసంద్ర దాటి ముందుకు పోతే ఊరు వస్తుంది. ఆనేకల్ తాలూకాలోని ఈ ఊరికి ఒకవైపు మాలూరు, ఇంకోవైపు అత్తిబెలె. కాస్త దూరం పోతే తమిళనాడులోని బాగలూరు. రాష్ట్రం కర్ణాటకే అయినా అంగడి ముందు కాసేపు నిలబడితే కన్నడంతో పాటు తెలుగూ చెవిన పడుతుంది. తరతరాలుగా ఇంట్లో తెలుగు మాట్లాడే కుటుంబాలు ఈ చుట్టుపక్కల చాలా ఉన్నాయి.

మన మిల్లు కుటుంబాలకు ఈ ఊరితో ఒక పాత చుట్టరికం కూడా ఉంది. బ్రిటిష్ కాలపు గెజిటీర్లలో సర్జాపుర గురించి రాసిన నాలుగు మాటల్లోనే ఒకప్పుడు ఇక్కడ సన్నని మస్లిన్ బట్ట నేసేవారని, నూలు బట్టలు, తివాచీలు తయారయ్యేవని ఉంది. ఇప్పుడు ఊళ్లో మగ్గం చప్పుడు కంటే లారీ హారనే ఎక్కువ. మాలూరు ఇటుకలు, పెంకులు కట్టుబడి పనులకు ఇటుగానే వెళతాయి. అత్తిబెలె, హోసూరు ఫ్యాక్టరీల సరుకూ ఈ దారుల్లో తిరుగుతుంది. పగలు రద్దీ వేళల్లో పెద్ద లారీలను బెంగుళూరు నగరంలోకి రానివ్వరు. అందుకని కొన్ని బళ్లు హోసకోట దగ్గరే తిరిగి, ఊరి బయటి నుంచే అత్తిబెలె వైపు పోతాయి. అట్లా పోయే దారిలో సర్జాపుర ఉంది.

మా అక్కను ఇచ్చింది ఈ ఊరికే. బావ లారీ డ్రైవరు. ఆదోనిలో పత్తి బేళ్లు ఎక్కించుకుని కోయంబత్తూరు మిల్లులకు తోలుతాడు. బేలు ఒక్కోటి సుమారు 170 కిలోలు. నూరు బేళ్లంటే 17 టన్నులు. గుంతకల్లు, అనంతపురం, పెనుకొండ, బాగేపల్లి, చిక్కబళ్లాపురం, దేవనహళ్లి, అక్కడినుంచి హోసకోట మీదుగా అత్తిబెలె. ఆ తర్వాత హోసూరు, కృష్ణగిరి, ధర్మపురి, సేలం. మొత్తం దాదాపు 700 కిలోమీటర్లు. సగం దారిలో సొంత ఇల్లు.

దారిలోనే ఇల్లు ఉంటే ఎంత సుఖమో అనిపిస్తుంది. లోడు మీద ఉన్న డ్రైవరుకు అది అంత సుఖం కాదు. బండి రోడ్డు పక్కన పెట్టి, క్లీనరును కాపలా ఉంచి, ఇంటికొచ్చి స్నానం చేసి రాగి ముద్ద తిని, పిల్ల తల నిమిరి మళ్లీ వెళ్లాలి. ట్రాన్స్‌పోర్ట్ ఆఫీసు నుంచి ఫోను: "ఎక్కడున్నావ్?" ఈ-వే బిల్లు గడువు కూడా 200 కిలోమీటర్లకు ఒక రోజు లెక్కన నడుస్తూనే ఉంటుంది.

అయినా బావకు ఈ పని మీద మోజు తగ్గలేదు. నాలుగు భాషలు దారిలోనే నేర్చాడు. ఏ ఊళ్లో నీళ్లు బాగుంటాయో, ఏ ధాబాలో నిద్రపోతే డీజిలు దొంగలు రారో, ఏ తూకం కాటా దగ్గర క్యూ తక్కువో చెప్పగలడు. మామిడికాయల కాలంలో కృష్ణగిరి నుంచి ఒక బుట్ట రావాల్సిందే. కూతురు పటం పుస్తకంలో నాయన ఆగిన ఊళ్లకు పెన్సిలుతో చుక్కలు పెడుతుంది. "మా టీచరుకు కూడా ఇన్ని ఊళ్లు తెలీవు మామా" అంది నాతో. ఆయుధ పూజ రోజు ఎంత దూరంలో ఉన్నా బండి సర్జాపురకు వచ్చేస్తుంది. అరటి పిలకలు, పూలు కట్టి, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి, గుమ్మడికాయ కొడతారు. వీలున్న శనివారం ఇంటిల్లిపాదినీ దగ్గర్లోని చిక్క తిరుపతికి తీసుకుపోతాడు.

ఇంత ఇష్టంతో చేసే పనిలో ఒక్క రాత్రి ప్రాణం మీదకు వచ్చింది. ఆ పగలంతా లోడింగు దగ్గర ఎండలో నిలబడ్డాడు, కన్ను మూయలేదు. రాత్రంతా నడిపాడు. ధర్మపురి దాటాక తొప్పూరు ఘాట్ ఉంది. సేలం వైపు దిగుడు, ప్రమాదాలకు పేరుపడిన చోటు. తెల్లవారుజామున ఆ దిగుడులో రెప్ప వాలింది. క్లీనరు కుర్రాడు భుజం పట్టి అరిచాడు. బండి గోడకు జానెడు దూరంలో నిలిచింది. "ఆ క్షణంలో ఏం గుర్తొచ్చింది బావా?" అంటే, "ఏమీ గుర్తు రాదప్పా, నిద్రలో ఉంటాం కదా. అదే భయం" అన్నాడు.

మూడో షిఫ్టు చేసినవాళ్లకు ఈ మాట విడమరిచి చెప్పక్కర్లేదు. రాత్రి 2 నుంచి 5 దాకా ఒళ్లు మన మాట వినదు. కాకపోతే మిల్లులో పక్కన మనిషి ఉంటాడు, సూపర్‌వైజరు ఉంటాడు, షిఫ్టు అయిందని సైరన్ మోగుతుంది. రోడ్డు మీద సైరన్ లేదు. డ్రైవర్లకు చట్టం లేక కాదు. 1961లో వచ్చి 2025 దాకా అమల్లో ఉన్న మోటారు రవాణా కార్మికుల చట్టం రోజుకు 8 గంటలు, వారానికి 48 గంటలు అని రాసింది. దూర ప్రయాణాలకు కొంత సడలింపు ఇచ్చినా, 5 గంటల పని తర్వాత కనీసం అరగంట విశ్రాంతి ఉండాలంది. కానీ అది అయిదుగురు, అంతకు మించి పనివాళ్లున్న సంస్థలకే వర్తించేది. ఒకటి రెండు బళ్లున్న యజమాని దగ్గర చేసేవాడి గంటలు లెక్కపెట్టేదెవరు? 2025 అక్టోబరు 1 నుంచి తయారయ్యే భారీ లారీల క్యాబిన్లలో ఏసీ తప్పనిసరి చేశారు, మంచిదే. పాత బండి నడిపేవాడికి మాత్రం ఇంజను వేడి అట్లాగే ఉంది.

ఆ రాత్రి తర్వాత అక్క ఇంట్లో ఒక పద్ధతి పెట్టింది. అంతకుముందు ఫోను చేస్తే "ఎప్పుడొస్తారు? పిల్ల ఎదురు చూస్తోంది" అనేది. ఆ మాట వింటే ఏ తండ్రి కాలైనా యాక్సిలరేటరు మీద బరువుగా పడుతుంది. ఇప్పుడు ముందు అడిగేది "పండుకున్నారా?" అని. నడుపుతుంటే ఫోను క్లీనరు ఎత్తాలి. రాత్రి రెండు దాటితే బండి పక్కకు పెట్టాలి. ఆలస్యమైతే కానీ. "కిరాయి రేపైనా వస్తుంది" అంటుంది అక్క. ఒకసారి ఆఫీసువాళ్లు గొణిగారు, ఒక ట్రిప్పు వేరేవాళ్లకు ఇచ్చారు. ఆ నెల ఇంటి ఖర్చు బిగించుకున్నారు. పద్ధతి మాత్రం మార్చలేదు.

మన మిల్లు గేటు ముందు కూడా రోజూ లారీలు ఆగుతాయి. గోడౌన్‌లో చోటు లేకపోతే ఒక్కో బండి రెండు రోజులు నిలుస్తుంది. పట్టా నీడలో కూర్చున్న డ్రైవరు ఖాళీగా ఉన్నాడనుకుంటాం. అతను నిద్రపోవాల్సిన గంటలవి. మూత్రానికి పోయే చోటు, ఒక కుళాయి, చెట్టు నీడ, "నీ నంబరు సాయంత్రం వస్తుంది, పోయి పడుకో" అని వాచ్‌మన్ చెప్పే ఒక మాట ఉంటే చాలు, ఆ రాత్రి ఘాట్ దిగేటప్పుడు అతని కన్ను తెరిచి ఉంటుంది. గేటు కమిటీలో ఉన్న మనవాళ్లు ఈ సంగతి ఒకసారి మాట్లాడాలి. ఇక ఇంట్లో డ్రైవరున్న అమ్మలూ అక్కలూ, ఈ రోజు ఫోను చేసినప్పుడు ముందు నిద్ర సంగతి అడగండి.