హాజరుపట్టీలో లేని షిఫ్టు

జంషెడ్‌పూర్‌లో మొదటి ఇనుము 1911 డిసెంబరులో కొలిమి దిగింది. రాత్రయిందని బ్లాస్ట్ ఫర్నేసును ఆర్పేసి పొద్దున్నే మళ్ళీ రాజేసుకోవడం కుదరదు. చల్లబడితే లోపలి సరుకంతా గడ్డకట్టి కొలిమే పాడవుతుంది. అందుకే ఈ ఊరు షిఫ్టుల మీద బతుకుతోంది. ఏ షిఫ్టు పొద్దున ఆరు నుంచి మధ్యాహ్నం రెండు దాకా, బీ షిఫ్టు రెండు నుంచి రాత్రి పది దాకా, సీ షిఫ్టు పది నుంచి మర్నాడు ఆరు దాకా. ఇక్కడి కద్మా పేటలో ఫార్మ్ ఏరియా క్వార్టర్లయినా, ఉలియాన్ అయినా, శాస్త్రినగర్ అయినా టాటా ఉక్కు కంపెనీ డ్యూటీ ఉన్న ఇంట్లో వంట, నిద్ర, పెళ్ళిపిలుపులు అన్నీ ఈ వారం ఏ షిఫ్టు అన్నదాన్ని బట్టే నడుస్తాయి. ఆ ఇళ్ళలోనే ‘ఒంట్లో ఓపిక లేదు’ అన్న మాటా తరచుగా వినబడుతుంది. దానికి చుట్టుపక్కల వాళ్ళ దగ్గర సిద్ధంగా ఉండే జవాబులు మూడు: వయసు మీద పడింది, ఎండలు మండుతున్నాయి, ఏదైనా బలం మందు తాగు. నేననేది వేరు. నెలల తరబడి వదలని నీరసానికి ముందుగా రెండు ప్రశ్నలు వేయాలి. ఈ మనిషికి నిద్ర ఎప్పుడు, ఎంతసేపు దొరుకుతోంది? ఈ మనిషి రక్తం ఎలా ఉంది? ఈ రెండూ నిజాయితీగా అడిగితే, ఇంట్లో అందరికన్నా అలిసిపోయిన మనిషి పేరు తరచుగా ఏ షిఫ్టు హాజరుపట్టీలోనూ కనబడదు.

పనిగంటల విషయంలో ఈ ఊరికి గర్వించదగ్గ చరిత్ర ఉంది. టాటా కంపెనీ ఇక్కడ ఎనిమిది గంటల పనిదినాన్ని 1912లోనే అమలు చేసింది. అంతర్జాతీయ కార్మిక సంస్థ తన మొదటి ఒడంబడికగా ఎనిమిది గంటల పనిని ప్రకటించింది 1919లో. అమెరికా ఉక్కు మిల్లులు పన్నెండు గంటల పనికి స్వస్తి చెప్పడం మొదలుపెట్టింది 1923లో. మనిషి ఒంటికి ఒక హద్దు ఉంటుందని ఈ ఊరు అంత ముందుగా ఒప్పుకుంది. అయితే ఆ ఒప్పుకోలు గేటు దాటి లోపలికి వెళ్ళిన మనిషికే చెల్లింది. ఆ మనిషికి క్యారేజీ కట్టిచ్చిన మనిషి లెక్కలోకి రాలేదు. ఏ షిఫ్టు వారంలో భర్త ఐదున్నరకల్లా సైకిలో స్కూటరో తీయాలంటే ఆమె నాలుగున్నరకి పొయ్యి వెలిగించాలి. బీ షిఫ్టు వారంలో ఆయన ఇల్లు చేరేది పదిన్నరకి. వేడన్నం పెట్టి, గిన్నెలు కడిగి నడుం వాల్చేసరికి పదకొండున్నర. కానీ పిల్లల స్కూలు వాళ్ళ నాన్న షిఫ్టును బట్టి మారదు కాబట్టి ఆ వారం కూడా ఐదింటికే లేవాలి. సీ షిఫ్టు వారంలో రాత్రి నిద్ర దొరుకుతుంది గానీ పగలు ఇల్లంతా గుసగుసల్లో నడవాలి. కుక్కరు కూత వేస్తే తప్పు, బయట కూరగాయల బండివాడు అరిస్తే తప్పు, చిన్నపిల్ల ఏడిస్తే మహా తప్పు. మూడు షిఫ్టులూ ఆయనకు వంతులవారీగా వస్తాయి. ఆమె ఆ మూడింటికీ సరిపడా మేలుకుని ఉంటుంది.

ఇదంతా ఊహ అనుకునేవాళ్ళు 2019లో జాతీయ గణాంక కార్యాలయం జరిపిన సమయ వినియోగ సర్వే చూడవచ్చు. ఆ సర్వే ప్రకారం జీతంలేని ఇంటిపని చేసే ఆడవాళ్ళు దాని మీద రోజుకు సగటున 299 నిమిషాలు గడుపుతున్నారు. ఆ పని చేసే మగవాళ్ళు గడిపేది 97 నిమిషాలు. అసలు ఆ పనికి చెయ్యి పెట్టే మగవాళ్ళు నూటికి 26 మందే. ఐదు గంటల పని ఒక్కచోట ఉంటే అరపూట ఉద్యోగం అనుకోవచ్చు. తెల్లవారుజాము నుంచి అర్ధరాత్రి దాకా ముక్కలు ముక్కలుగా పరుచుకున్న ఐదు గంటలు మనిషిని ఎక్కడా ఒరగనివ్వవు.

నిద్ర ఎంతసేపు అన్నది ఎంత ముఖ్యమో ఎప్పుడు అన్నదీ అంతే ముఖ్యం. మన కణాలలో ఇరవైనాలుగు గంటల గడియారం ఒకటి నడుస్తోందని, అది ఏ జన్యువుల వల్ల నడుస్తోందో కనిపెట్టినందుకు హాల్, రోస్‌బాష్, యంగ్ అనే ముగ్గురు శాస్త్రవేత్తలకు 2017లో నోబెల్ వచ్చింది. ఆ గడియారం వెలుతురును చూసి సరిచేసుకుంటుంది, డ్యూటీ చార్టును చూసి కాదు. తెల్లవారుజాము నాలుగు ప్రాంతంలో ఒంటి వేడి అడుగంటుతుంది, కళ్ళు వాటంతటవే మూతపడతాయి. సీ షిఫ్టులో మనిషి యంత్రం ముందు నిలబడే గంట అదే. పొద్దున ఏడింటికి ఇంటికొచ్చి పడుకుంటే ఒళ్ళు పగలనుకుని లేపేస్తుంది. పగటి నిద్ర రాత్రి నిద్రకన్నా మామూలుగా రెండు మూడు గంటలు తక్కువ పడుతుంది. 1997లో డాసన్, రీడ్ అనే ఇద్దరు ఆస్ట్రేలియా పరిశోధకులు ఒక ప్రయోగంలో చూపించింది ఏమిటంటే, పదిహేడు గంటలు ఏకధాటిగా మేలుకుని ఉన్న మనిషి చురుకుదనం, రక్తంలో 0.05 శాతం మద్యం ఉన్నవాడి చురుకుదనానికి పడిపోతుందని. మన దేశంలో తాగి బండి నడిపితే నేరమయ్యే హద్దు 0.03 శాతం. బీ షిఫ్టు వారంలో ఐదింటికి లేచి పదకొండున్నరకి పడుకునే ఇల్లాలు రోజూ పద్దెనిమిదిన్నర గంటలు మేలుకుంటోంది. ఆమె మతిమరుపుకీ, చీటికీమాటికీ వచ్చే కోపానికీ స్వభావమే కారణమని తీర్పు చెప్పేముందు ఆ గంటలు లెక్కపెట్టాలి.

‘మా పెద్దవాళ్ళు ముప్పై ఏళ్ళు మూడు షిఫ్టులూ చేశారు, వాళ్ళకు లేని నీరసం వీళ్ళకెందుకు?’ అని అడుగుతారు. తోసిపుచ్చదగ్గ ప్రశ్న కాదిది. కాని అందులో కొలతలో పొరపాటు ఉంది. ముప్పై ఏళ్ళు చేసి రిటైరైనవాళ్ళు మనకు కనిపిస్తున్నారు. ఒంటికి పడక మధ్యలో జనరల్ షిఫ్టుకు మారినవాళ్ళు, ఊరికి తిరిగెళ్ళినవాళ్ళు, రిటైరవకుండానే గుండె ఆగి పోయినవాళ్ళు మన జ్ఞాపకంలో ఆ వరసలో నిలబడరు. తట్టుకున్నవాళ్ళను మాత్రమే చూసి అందరూ తట్టుకోగలరని చెప్పకూడదు. రాత్రి డ్యూటీ ఒంటి మీద ఎంత బరువో తేల్చే అధ్యయనాలు ఇప్పుడు చాలా ఉన్నాయి; ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన కాన్సర్ పరిశోధన సంస్థ 2007లోనూ, మళ్ళీ 2019లోనూ రాత్రి షిఫ్టును బహుశా కాన్సర్ కారకమని వర్గీకరించింది. ఇంకో తేడా కూడా ఉంది. ఉత్తరాంధ్ర నుంచి ఈ ఊరికి తరలివచ్చిన తొలి తెలుగు కుటుంబాల్లో చాలా చోట్ల అత్తగారో, ఆడబిడ్డో, పిన్నో ఇంట్లో ఉండేవారు. తెల్లవారుజాము పొయ్యి వంతులవారీగా వెలిగేది. ఇప్పటి రెండు గదుల కాపురంలో ఆ వంతు పంచుకునే చెయ్యి లేదు.

ఇక రక్తం సంగతి. నీరసానికి ఎండా, వయసే కారణమైతే అవి ఆడా మగా తేడా లేకుండా ఒకేలా కొట్టాలి. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చెప్పేది అది కాదు. ఈ ఊరున్న జార్ఖండ్‌లో 15–49 ఏళ్ళ ఆడవాళ్ళలో 65.3 శాతానికి రక్తహీనత ఉంది. ఆ వయసు మగవాళ్ళలో అది దాదాపు 30 శాతం. మన వైపు కూడా మెరుగని చెప్పుకోడానికి లేదు: ఆంధ్రప్రదేశ్ ఆడవాళ్ళలో 58.8, తెలంగాణలో 57.6. ఒకే ఎండ, ఒకే గాలి, ఒకే వంటింటి తిండి. అంత తేడా ఎక్కడినుంచి వచ్చింది? నెలనెలా పోయే రక్తం, కాన్పులు, వాటిమీద అందరూ తిన్నాక మిగిలింది తినే అలవాటు. రక్తంలో ప్రాణవాయువును మోసేది హీమోగ్లోబిన్, దానికి ఇనుము కావాలి. అది తగ్గినప్పుడు మేడమెట్లు ఎక్కితే ఆయాసం, నిలబడితే కళ్ళు తిరగడం, కింది కనురెప్ప లాగి చూస్తే ఎర్రదనం లేకపోవడం, బియ్యపు గింజలో, సుద్దముక్కో, ఐసుముక్కో నమలాలనిపించడం కనిపిస్తాయి. గర్భిణి కాని స్త్రీకి డెసిలీటరుకు 12 గ్రాములు, మగవాడికి 13 గ్రాములు ప్రపంచ ఆరోగ్య సంస్థ పెట్టిన హద్దు; హీమోగ్లోబిన్ అంతకన్నా తగ్గితే రక్తహీనతే. హీమోగ్లోబిన్ బాగానే ఉండి ఇనుము నిల్వలు మాత్రం అడుగంటిన దశ ఒకటుంది. దాన్ని ఫెరిటిన్ పరీక్ష పట్టిస్తుంది. నీరసం అప్పటికే మొదలై ఉండవచ్చు.

ఇనుమును ఇనుము ఊళ్ళోనే ఒంటికి అందకుండా చేసే అలవాటు ఒకటి ఉంది: అన్నం తినీ తినగానే టీ. టీలోని టానిన్లు ఆకుకూరల, పప్పుల ఇనుమును పేగుల్లోనే కట్టిపడేస్తాయి. మాంసం, చేపల్లోని ఇనుము సులువుగా ఒంటపడుతుంది. తోటకూర, మునగాకుల్లోది అంత సులువుగా పడదు, పైన నిమ్మకాయ పిండితే కొంత నయం. టీ మానమని చెప్పడం ఈ షిఫ్టుల ఊళ్ళో అన్యాయమే. గంటన్నర ఆగి తాగితే చాలు. బిళ్ళలు వేసుకునేవాళ్ళు మలం నల్లబడిందనో, కడుపులో తిప్పిందనో పది రోజులకే ఆపేస్తారు. నల్లబడటం మామూలే, తిప్పితే డాక్టర్ని అడిగి రోజు విడిచి రోజు వేసుకోవచ్చు, కాని హీమోగ్లోబిన్ సరైన తర్వాత కూడా మూడు నెలలు సాగిస్తే తప్ప నిల్వలు నిండవు. ఒక జాగ్రత్త మాత్రం గట్టిగా చెప్పాలి. జార్ఖండ్‌లో సికిల్ సెల్, తలసీమియా లక్షణాలున్న కుటుంబాలున్నాయి. వాళ్ళ రక్తహీనత ఇనుము కొరత వల్ల వచ్చింది కాకపోవచ్చు. పరీక్ష లేకుండా ఏళ్ళ తరబడి ఐరన్ మింగడం వాళ్ళకు చేటు.

‘ఇంత తిప్పలెందుకు, ఒక గ్లూకోజు బాటిలు ఎక్కించుకుంటే లేచి కూర్చుంటున్నారు కదా’ అనేవాళ్ళకు జవాబు ఆ బాటిలు మీదే రాసి ఉంటుంది. ఐదు శాతం డెక్స్‌ట్రోజు, అర లీటరు: అంటే పాతిక గ్రాముల చక్కెర, వంద కేలరీల లోపు. ఒక అరటిపండు పాటి. లేచి కూర్చున్నది ఆ చక్కెర వల్ల కన్నా, గంటన్నరపాటు ఎవరూ పిలవకుండా మంచం మీద పడుకోనివ్వడం వల్లనే అని నా నమ్మకం. ఆ గంటన్నర బాటిలు లేకుండానే ఇంట్లోవాళ్ళు ఆమెకు ఇవ్వవచ్చు. బీ12 సూది వేరు. శాకాహారులకీ, షుగరుకు మెట్‌ఫార్మిన్ ఏళ్ళుగా వాడేవాళ్ళకీ నిజంగానే ఆ కొరత వస్తుంది, అప్పుడు ఆ సూది మందే. థైరాయిడ్ మందగించినా, షుగరు పెరిగినా, గట్టిగా గురకపెడుతూ నిద్రలో ఊపిరి ఆగుతున్నా, మనసు కుంగిపోయినా మొదట బయటపడేది తరచుగా నీరసమే. రెండు వారాలు దాటిన దగ్గు, సాయంత్రం జ్వరం, తగ్గుతున్న బరువు నీరసంతో కలిసి వస్తే ఆ రోజే క్షయ పరీక్షకు వెళ్ళాలి.

పరీక్షలన్నీ బాగున్నాయని డాక్టరు చెప్పినప్పుడు చాలా ఇళ్ళలో కేసు మూసేస్తారు: ఏమీ లేదట, అంతా మనసులోనే. అప్పుడే నిద్ర గురించిన మొదటి ప్రశ్నకు తిరిగి రావాలి. ‘కొలిమి ఆగదు, షిఫ్టులు మారవు, ఇంట్లో ఏం మార్చగలం?’ అన్న అభ్యంతరం బలమైనదే. షిఫ్టుల వరస మార్చడం యాజమాన్యం, యూనియన్ తేల్చుకోవలసిన పని. ఏ నుంచి బీకి, బీ నుంచి సీకి ముందుకు జరిగే వరస ఒంటికి తేలికని, వెనక్కి జరిగేది కష్టమని మాత్రం వాళ్ళు తెలుసుకుని తీరాలి. ఇంట్లో చేయగలిగింది మాత్రం తక్కువేమీ కాదు. సీ షిఫ్టు దిగి వచ్చేవాడు నల్లద్దాలు పెట్టుకుని రావచ్చు, పడుకునే గది కిటికీకి మందపాటి దుప్పటి కట్టవచ్చు, షిఫ్టు చివరి నాలుగైదు గంటల్లో టీ మానవచ్చు, డ్యూటీకి ముందు సాయంత్రం గంటసేపు కునుకు తీయవచ్చు. బీ షిఫ్టు వాడు రాత్రి అన్నం హాట్‌బాక్సులో ఉంటే తనే వడ్డించుకుని తినగలడు. ఏ షిఫ్టు వాడు రాత్రే తరిగిపెట్టిన కూర తనే పొయ్యిమీద వేయగలడు. ‘ఎనిమిది గంటలు కొలిమి దగ్గర కాలి వచ్చినవాణ్ణి వంటింట్లోకి తోస్తారా’ అని నొచ్చుకునేవాళ్ళకు 1912నే గుర్తుచేయాలి. ఎనిమిది గంటల తర్వాత ఒంటికి విశ్రాంతి హక్కు అని ఈ ఊరు ఒప్పుకుంది; ఆ లెక్కన ఇంట్లో రెండో మనిషి హక్కు రోజూ మీరిపోతోంది. ఆయన వారపు సెలవు రోజు పొద్దున ఆరున్నర దాకా ఆమెను ఎవరూ లేపకపోవడం దగ్గర మొదలుపెట్టవచ్చు. కద్మాలోనే తెలుగువాళ్ళ ఏడీఎల్ సొసైటీ ఉంది, బిష్టుపూర్‌లో ఆంధ్ర భక్త శ్రీరామ మందిరం ఉంది. ఉగాదికో శ్రీరామనవమికో ఆడవాళ్ళు ఎలాగూ అక్కడ చేరతారు. ఆ రోజు ఒక బల్ల వేసి, వేలు గుచ్చి హీమోగ్లోబిన్ చూసే ఏర్పాటు చేస్తే, ప్రసాదం వరసలో నిలబడ్డ సేపట్లోనే ఎవరికెంత ఉందో తెలిసిపోతుంది.