అమ్మ కోరపన్ను మీద తీగ

అమ్మకి పై వరసలో అయిదు పళ్ళు లేవు. పీకించుకున్నవే. మా ఊరి నుంచి కర్నూలుకి రెండు బస్సులు మారాలి. పుచ్చిన పన్ను బాగు చేయించుకోవాలంటే నాలుగైదుసార్లు తిరగాలి, పీకించుకుంటే ఒక్కరోజు కూలీతో పోతుంది. విత్తనానికి చెనిక్కాయలు ఒలిచేటప్పుడు వేళ్ళు నొప్పి పుడితే పంటితో కొరికి ఒలిచేది. రాయలసీమ కథల్లో స్త్రీల శ్రమ మీద నేను పీహెచ్‌డీ చేశాను. అందులో నడుములున్నాయి, అరచేతులున్నాయి. పళ్ళ గురించి ఒక్క వాక్యం లేదు.

మొదటి కట్టుడుపళ్ళు కర్నూల్లో పెట్టించాం, తీసి పెట్టుకునే రకం. డాక్టరు నాయనతోనే మాట్లాడాడు. కోరపన్ను మీద తీగ కనపడుతుందన్నాడు. "ఈ వయసులో ఎవురు చూస్తార్లే సార్, గట్టిగా పట్టుకుంటే సాలు" అన్నాడు నాయన. పక్కనే ఉన్న నాకూ అమ్మని అడగాలని తోచలేదు.

ఆ తీగని డాక్టర్లు క్లాస్ప్ అంటారు. అమ్మకది కొక్కెం. బిగించి పట్టుకోవడం దాని పని కాదని తర్వాత తెలిసింది. పన్ను పొట్ట దగ్గర లావుగా ఉండి చిగురు వైపు సన్నబడుతుంది. తీగ కొస ఆ సన్నబడిన చోట ఊరికే ఆనుకుని ఉండాలి, సెట్టు ఊడిరాబోతే అప్పుడు అడ్డుకోవాలి. పోతపోసిన లోహమైతే పావు మిల్లీమీటరు లోతు చాలట. పన్ను ఒకవైపుకి ఒరగకుండా అవతల ఇంకో చెయ్యి కాయాలి. నమిలే బరువు చిగురు మీద పడకుండా పన్ను మీద చిన్న ఆనిక, అంటే రెస్ట్, ఉండాలి. అమ్మ సెట్టుకి అది లేదు. నమిలినప్పుడల్లా చిగుర్లోకి దిగబడేది. వదులైందని వెళితే పట్టకారుతో తీగ నొక్కి పంపేవాళ్ళు. రెండేళ్ళకి ఆ కోరపన్నే కదలడం మొదలుపెట్టింది. అమ్మ ఎవరికీ చెప్పలేదు. జొన్నరొట్టె పాలల్లో నానేసుకుని తినేది.

నాకు కడపలో ఉద్యోగం వచ్చాక అక్కడి ప్రభుత్వ దంత కళాశాలకి తీసుకెళ్ళాను. చదువుకుంటున్న అమ్మాయి ఒకామె అమ్మ పళ్ళ అచ్చుని సర్వేయర్ అనే చిన్న పరికరం మీద పెట్టి, ప్రతి పన్ను చుట్టూ లావైన చోట పెన్సిల్ గీత గీసింది. తర్వాత నాతో కాకుండా అమ్మతోనే అంది: "అమ్మా, ఒకసారి నవ్వండి. ఎంతవరకు కనపడుతుందో చూడాల."

అమ్మ నా వైపు చూసింది. చెయ్యి నోటికి అడ్డమొచ్చింది. "నవ్వమంటే యాడొస్తాది నవ్వు?" అని, ఆ మాటకి తనే నవ్వేసింది.

కొక్కేన్ని చిగురు వైపు నుంచి తెచ్చి, కొస పెదవి చాటున ఉండేలా గీసిందా అమ్మాయి. బరువు వెనక దవడపళ్ళకి పంచింది.

ఇప్పుడూ నవ్వేటప్పుడు అమ్మ చెయ్యి అడ్డం పెట్టుకుంటుంది. రొట్టె మాత్రం పాలల్లో నానెయ్యడం మానేసింది.