చెంబెడు నీళ్ళు, చిటికెడు ఉప్పు



ఎండలు ముదిరే రోజుల్లో నాకు కలకడ గుర్తుకు వస్తుంది. వృత్తిలో అడుగుపెట్టిన తొలి సంవత్సరాల్లో, 1980ల చివరిలో, పూర్వపు చిత్తూరు జిల్లా పడమటి మండలాల్లో ఒకటైన ఆ ఊరిలో చిన్న ఆసుపత్రి నడిపాను. అక్కడ జరిగిన ఒక సంఘటనను ఇన్నేళ్ళుగా ఎవరికీ పూర్తిగా చెప్పలేదు. ఈ రోజు మీకు చెబుతాను.

ఒక మధ్యాహ్నం ఎనిమిది నెలల బిడ్డను తల్లి, అవ్వ తీసుకువచ్చారు. రెండు రోజులుగా బేదులు. కళ్ళు గుంటలు పడ్డాయి, మాడు లోపలికి కుంగింది, ఏడుస్తున్నా కన్నీరు రావడం లేదు. పొట్టమీది చర్మాన్ని పట్టి వదిలితే ముడత అట్లాగే నిలిచింది. వెంటనే సెలైన్ ఎక్కించాలని నరం కోసం వెతకడం మొదలుపెట్టాను. చేతుల్లో దొరకలేదు, కాళ్ళలో దొరకలేదు. తలలో దొరికేసరికి ముప్పావు గంట గడిచింది. సాయంత్రానికి బిడ్డ దక్కలేదు.

"నీళ్ళు తాపితే ఇంకా ఎక్కువవుతాయని నేనే ఆపినాను సామీ" అని అవ్వ గుండెలు బాదుకున్నది. నేను మౌనంగా ఉండిపోయాను. ఆ మౌనమే నేటికీ నన్ను బాధిస్తున్నది. ఎందుకంటే నా బల్ల సొరుగులో ఓఆర్ఎస్ ప్యాకెట్లు ఉన్నాయి. తీసుకువచ్చినప్పుడు ఆ బిడ్డ ఇంకా మింగగలుగుతున్నాడు. నరం దొరికేవరకు చెంచాతో ఆ ద్రావణం పోయిస్తూ ఉండాలని వైద్యశాస్త్రం చెబుతున్నది. సూది చేతిలో ఉన్న వైద్యునికి పొడి ప్యాకెట్ చిన్నచూపుగా కనిపించింది. పోయించి ఉంటే తప్పక బ్రతికేవాడని చెప్పలేను. కానీ ఆ ముప్పావు గంట వృథా అయ్యేది కాదు.

ఆ పొడిలో ఉన్న మహత్తు ఏమిటి? మన పేగు గోడలో ఒక చిన్న ద్వారం వంటి ఏర్పాటు ఉన్నది. అది సోడియంను, గ్లూకోజును జంటగా లోపలికి తీసుకుంటుంది. వాటి వెంట నీరు వెళుతుంది. రాబర్ట్ క్రేన్ అనే శాస్త్రవేత్త 1960లో ఈ సంగతిని ప్రతిపాదించారు. విశేషమేమంటే, కలరా వంటి తీవ్రమైన వ్యాధిలో కూడా ఈ ద్వారం మూసుకుపోదు. అందుకే ఉత్త నీరు నిలవని చోట ఉప్పు, చక్కెర తగుపాళ్ళలో కలిసిన నీరు నిలుస్తుంది.

దీనిని లోకానికి నిరూపించిన చోటు మన దేశంలోనే ఉన్నది. 1971లో బంగ్లాదేశ్ యుద్ధ కాలంలో బంగావ్ శరణార్థి శిబిరంలో కలరా విజృంభించింది. సెలైన్ సీసాలు చాలక డాక్టర్ దిలీప్ మహలనబిస్ ఉప్పు, వంటసోడా, గ్లూకోజు కలిపిన నీటిని డ్రమ్ములలో నింపించి, రోగుల బంధువుల చేతనే తాగించారు. అంతకుముందు నూటికి ముప్పై వరకు ఉన్న మరణాలు నాలుగు లోపుకు తగ్గాయి. ఆయన మరణానంతరం 2023లో పద్మవిభూషణ్ ప్రకటించారు. ఆ శిబిరంలో చదువురాని తల్లులు చేసిన పనిని, పట్టా పుచ్చుకున్న నేను కలకడలో చేయలేకపోయాను.

నేటి ఓఆర్ఎస్‌లో లీటరు నీటికి 2.6 గ్రాముల ఉప్పు, 13.5 గ్రాముల గ్లూకోజు, 1.5 గ్రాముల పొటాషియం క్లోరైడ్, 2.9 గ్రాముల సిట్రేట్ ఉంటాయి. పాళ్ళు ముఖ్యం. చక్కెర ఎక్కువైతే అది పేగులోకి నీటిని లాగి విరేచనాలను పెంచుతుంది. తియ్యని పానీయాలకు ఓఆర్ఎస్ పేరు తగిలించి అమ్మడంపై హైదరాబాద్ పిల్లల వైద్యురాలు డాక్టర్ శివరంజని సంతోష్ ఏళ్ళ తరబడి పోరాడారు. 2025 అక్టోబరులో ఆహార భద్రతా ప్రాధికార సంస్థ అటువంటి పానీయాలపై ఆ పేరు వాడరాదని ఆదేశించింది. కనుక కొనేటప్పుడు ప్రపంచ ఆరోగ్య సంస్థ సూత్రం ప్రకారం తయారైనదని ఉన్నదో లేదో చదవండి. ప్యాకెట్ దొరకకపోతే కాచి చల్లార్చిన లీటరు నీటిలో ఆరు సమతల టీ చెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు కలపండి. పసిబిడ్డకు తల్లిపాలు ఆపవద్దు. వైద్యుని సలహాతో జింకు మందు పద్నాలుగు రోజులు ఇవ్వండి.

నీరు తక్కువైతేనే ప్రమాదమని అనుకోవద్దు. కొన్నేళ్ళ తరువాత ఒక పెద్దావిడను "మనుషులను గుర్తుపట్టడం లేదు, ఏదో గాలి సోకింది" అంటూ నా దగ్గరకు తెచ్చారు. రక్తపోటుకు మూత్రం ఎక్కువగా పోయే మాత్ర వాడుతున్నది. ఎవరో చెప్పారని ఉప్పు పూర్తిగా మానేసి, బిందెల కొద్దీ నీళ్ళు తాగుతున్నది. రక్తంలో సోడియం 135 నుండి 145 వరకు ఉండాలి. ఆమెకు 112 ఉన్నది. మెల్లగా సరిచేయగా నాలుగు రోజుల్లో మనవరాలిని పేరు పెట్టి పిలిచింది. గాలీ లేదు, ధూళీ లేదు, లోపించినది ఉప్పు. ఉప్పు తగ్గించడం వేరు, శూన్యం చేయడం వేరు. రోజుకు ఐదు గ్రాములు మించకుండా చూసుకుంటే చాలు.

మన పెద్దల తిండిలో ఈ సమతుల్యం సహజంగానే ఉండేది. ఎండలో వేరుశనగ చేలలో, టమోటా తోటలలో పనిచేసేవారు ఉప్పు వేసిన మజ్జిగ, రాగి అంబలి తాగి వెళ్ళేవారు. నూరు గ్రాముల రాగులలో మూడు వందల మిల్లీగ్రాములకు పైగా కాల్షియం ఉన్నది. కొబ్బరినీళ్ళలో పొటాషియం పుష్కలం, సోడియం స్వల్పం. అందువల్ల అవి ఓఆర్ఎస్‌కు ప్రత్యామ్నాయం కావు. మూత్రపిండాల జబ్బు ఉన్నవారు వాటిని వైద్యుని అడగకుండా తాగరాదు.

ఖనిజాలన్నీ మేలు చేసేవే అనుకోవడమూ పొరపాటే. పొదిలి, దర్శి ప్రాంతాలలో ఫ్లోరైడ్ వల్ల ఎముకలు బిగుసుకుపోయిన రోగుల గురించి 1937లోనే వైద్యపత్రికలో వెలువడింది. నల్లగొండ వ్యథ మీకు తెలిసినదే. తాగే నీటిలో ఫ్లోరైడ్ లీటరుకు ఒక మిల్లీగ్రాము లోపు ఉండడం మంచిది, ఒకటిన్నర దాటరాదు. కాచినంత మాత్రాన అది పోదు, నీరు ఆవిరయ్యే కొద్దీ చిక్కబడుతుంది. బోరు ఎంత లోతుకు దింపినా, ఆ నీటిని పరీక్ష చేయిస్తే తప్ప అందులో ఏమున్నదో తెలియదు.

ఇక మీరు గమనించవలసినది సులభం. మూత్రం లేత పసుపు రంగులో ఉంటే నీరు చాలినట్లు. ముదురు రంగులో ఉంటే చాలనట్లు. గుండె, మూత్రపిండాల రోగులు మాత్రం ఎంత తాగాలో తమ వైద్యుని అడిగి తెలుసుకోవాలి. బిడ్డ మగతగా ఉన్నా, తాగలేకపోతున్నా ఆసుపత్రికి పరుగెత్తండి. దారి పొడవునా, మింగగలిగినంత కాలం, చెంచాతో పోస్తూనే ఉండండి.

ఆ అవ్వ ఇప్పుడు ఉండదు. "తప్పు నీ ఒక్కదానిదే కాదమ్మా, నాదీ ఉన్నది" అని ఆ సాయంత్రం నేను చెప్పి ఉండవలసింది. ఆమెకు చెప్పలేనిది మీకు చెబుతున్నాను. ఈ రోజే మీ ఇంట్లో రెండు ఓఆర్ఎస్ ప్యాకెట్లు తెచ్చి ఉంచండి. అవసరం వచ్చినప్పుడు వాటిని సొరుగులోనే ఉంచేయకండి.