కప్పు చెప్పే దర్శి కథ

బోద, పెంకు, రేకు, స్లాబు... ఒక్క వీధిలోనే నాలుగు తరాల కప్పులు. అమెరికా నుంచి పిల్లలు మోసుకొచ్చిన 'తారు పలక' మాట అయిదోది. దర్శి ఎండకు, తుపాను గాలికి, ముసురు వానకు వీటిలో ఏది నిలుస్తుంది?

మబ్బు పట్టిందంటే చాలు, దర్శి పల్లెల్లో రైతు చూపు మూడు చోట్ల తిరుగుతుంది. ముందు ఆకాశం వైపు. ఆ తర్వాత కల్లంలో ఆరబోసిన మిరపకాయల వైపు. చివరికి ఇంటి కప్పు వైపు!

కల్లంలో కాయల మీదైతే పరుగున వెళ్లి పట్టా కప్పొచ్చు. మరి వసారాలో పోసిన పత్తి మీద పైనుంచి చుక్క పడితే? తడిసిన పత్తి రంగు తిరుగుతుంది. తడిసిన మిరప తెల్లబారి తాలుకాయల్లో కలుస్తుంది. అదే చేను, అదే చెమట... యార్డుకు వెళ్లేసరికి ధర మాత్రం సగానికి సగం తెగ్గోస్తారు. అందుకే ఇక్కడ కప్పంటే తలదాచుకునే నీడ ఒక్కటే కాదు, ఏడాది కష్టానికి మూత.

ఒంగోలుకు వాయవ్యంగా, అరవై కిలోమీటర్లకు అటూ ఇటూగా ఉంటుంది దర్శి. ఒకప్పుడు ఇది నెల్లూరు జిల్లాలో తాలూకా, వెంకటగిరి జమీందారీ గడ్డ. 1970 ఫిబ్రవరి 2న ఒంగోలు జిల్లా ఏర్పడినప్పుడు అందులో చేరింది. ఆ జిల్లాకే 1972లో ప్రకాశం పంతులు పేరు పెట్టారు. సాగర్ కుడికాలువ నీళ్లు వచ్చాక కొంత మాగాణి అయింది కానీ, స్వభావం మెట్టదే. ఏడాదిలో ఎక్కువ రోజులు ఎండ కాస్తుంది. వాన తక్కువే కానీ, వస్తే అక్టోబరు నుంచి డిసెంబరు లోపు తుపానుతో కలిసి వస్తుంది. అంటే దర్శి కప్పుకు రెండు పరీక్షలన్నమాట. మే నెలలో నిప్పు, కార్తీకంలో గాలీవానా. ఒకదానిలో నెగ్గింది రెండోదానిలో తప్పుతుంది. ఊళ్లో ఇన్ని రకాల కప్పులు కనిపించడానికి కారణం అదే.

చల్లని బోద... బరువైన పెంకు

పాత రోజుల్లో ఇల్లు కట్టడమంటే మట్టి గోడలు, నడిమధ్య నిట్టాడు, దానిమీద వెన్నుగాడి, అటూ ఇటూ వాసాలు. పైన బోదగడ్డి, తాటాకు. అన్నీ ఊళ్లో దొరికేవే. చూరు కిందికి వంగి వెళ్లాల్సి వచ్చినా లోపల మాత్రం కుండలో నీళ్లంత చల్లన. గడ్డి పొరల మధ్య నిలిచే గాలి ఎండను లోపలికి రానివ్వదు. వాలు ఎక్కువ కాబట్టి వాన నీరు నిలవకుండా జారిపోతుంది.

కానీ రెండు మూడేళ్లకోసారి కప్పు మార్చాలి. గాలికి చూరు లేస్తుంది. అందుకే తుపాను కబురు రాగానే కప్పు మీదుగా మోకులు వేసి, కొసలకు రాళ్లు కట్టేవారు. అన్నిటికంటే పెద్ద భయం నిప్పు. ఎండాకాలం ఒక ఇంటి పొయ్యిలో నిప్పురవ్వ ఎగిరితే వీధి మొత్తం బూడిదయ్యేది. పాత తరం వాళ్లకు ఆ భయం ఇంకా గుర్తే. 'పూరిల్లు వదలాలి' అన్న పట్టుదల వెనుక హోదా కంటే ఆ భయమే ఎక్కువ.

ఆ తర్వాతి మెట్టు పెంకుటిల్లు. కుమ్మరి సారె మీద గొట్టంలా చేసి, నిలువునా చీల్చి కాల్చినవి నాటు గూనపెంకులు. ఒకటి వెల్లకిలా, ఒకటి బోర్లా పేర్చుకుంటూ పోవాలి. కోతులు గంతులేస్తే పగిలేవి, పిల్లి నడిస్తే జరిగేవి. వానాకాలం ముందు పెంకు సర్దించుకోవడం ప్రతి ఇంట్లో ఓ పని.

వాటి స్థానంలోకి 'బెంగుళూరు పెంకులు' వచ్చాయి. పేరు బెంగుళూరుదే అయినా పుట్టిల్లు మంగళూరు. 1865లో బాసెల్ మిషన్ వాళ్లు అక్కడ మొదటి కర్మాగారం పెట్టారు. ఒక పెంకు అంచు ఇంకో పెంకు గాడిలో కూర్చుంటుంది కాబట్టి నీరు లోపలికి దిగదు. చదరపు మీటరుకు సుమారు పదిహేను పెంకులు చాలు. పగిలిన చోట ఒక్క పెంకు మార్చుకుంటే సరిపోతుంది. ఈ సుగుణం తర్వాత వచ్చిన ఏ కప్పుకూ ఇంత సులువుగా అబ్బలేదు. కానీ బరువు మోయడానికి మంచి కలప కావాలి. కలప ధర పెరిగింది. పెంకు సర్దే చేతులు తగ్గిపోయాయి.

రేకు వచ్చింది... గాలి కనిపెట్టింది!

ఆ ఖాళీలోకి వచ్చింది సిమెంటు రేకు. హైదరాబాదులో 1946లో మొదలైన ఆస్‌బెస్టాస్ సిమెంటు కంపెనీ 'చార్మినార్' రేకులు తెలుగునాట ఇంటింటి మాట అయ్యాయి. ఒక్కరోజులో కప్పు పడుతుంది. నిప్పంటుకోదు, చెద పట్టదు. పశువుల కొట్టం నుంచి కొత్త కాపురం దాకా అన్నిటికీ అదే.

కష్టం తెలిసేది మే నెలలో. మిట్టమధ్యాహ్నం రేకుల ఇంట్లో కూర్చోలేక వేపచెట్టు కిందికి చేరని కుటుంబం ఉండదు. పసిబిడ్డ, ముసలివాళ్లు ఉన్న ఇంట్లో అది అసౌకర్యంతో పోయేది కాదు, ప్రాణాల మీదికే వస్తుంది. రేకు మీద సొరపాదు పాకించడం, తాటాకులు పరిచి తడపడం, సున్నం కొట్టడం... అన్నీ ఆ వేడి నుంచి పుట్టిన ఉపాయాలే.

రెండో కష్టం గాలి. తుపాను గాలి కప్పును కిందికి నొక్కుతుందని చాలామంది అనుకుంటారు. నిజానికి జరిగేది వేరు. గాలి కప్పు మీదుగా వేగంగా దూసుకుపోయినప్పుడు రేకును పైకి పీలుస్తుంది. ఆ పీల్పు చూరు దగ్గర, మూలల్లో, కొప్పు వెంట చాలా ఎక్కువ. అదే సమయంలో తలుపో కిటికీయో తెరుచుకుంటే లోపలికి జొరబడిన గాలి కింది నుంచి తోస్తుంది. పైన పీల్పు, కింద తోపు... ఇక రేకు ఆగదు. దాని మీద పెట్టిన రాళ్లు కూడా ఆపలేవు. పైగా రాయి దొర్లితే అదో ప్రమాదం.

2010 మే 20న లైలా, 2023 డిసెంబరు 5న మిచౌంగ్, రెండూ బాపట్ల దగ్గరే తీరం దాటాయి. మిచౌంగ్ తీరం దాటేటప్పుడు గాలి వేగం గంటకు 90 నుంచి 100 కిలోమీటర్లు. తీరానికి దూరంగా ఉన్న దర్శికి వచ్చేసరికి జోరు తగ్గొచ్చు. కానీ బిగింపు లేని రేకుకు తగ్గిన గాలి కూడా ఎక్కువే. వేసవిలో ఉరుము లేకుండా వచ్చిపడే గాలిదుమారం సంగతి చెప్పనే అక్కర్లేదు.

మందు లేకపోలేదు. ప్రతి రేకునూ కొక్కెం బోల్టులతో దూలానికి బిగించాలి. చూరు, మూలల దగ్గర బోల్టులు దగ్గర దగ్గరగా వేయాలి. దూలాన్ని గోడకు, గోడను పునాదికి ఇనుప కడ్డీతో కలపాలి. చూరు మరీ బయటికి పొడుచుకు రాకూడదు. రెండు వాలుల ఇంటికంటే నాలుగు వాలుల ఇల్లు గాలిని బాగా తట్టుకుంటుంది. పాత చుట్టిళ్లు కట్టినవాళ్లకు ఈ సంగతి చదువు లేకుండానే తెలుసు.

ఇంకో మాట. అన్ని రకాల ఆస్‌బెస్టాస్ క్యాన్సర్‌కు కారణమవుతుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. అమెరికా కూడా 2024 మార్చిలో తెల్ల ఆస్‌బెస్టాస్‌ను నిషేధించింది. ఇంటి మీద కదలకుండా ఉన్న రేకు కంటే కోసినప్పుడు, తొలిచినప్పుడు, పగిలినప్పుడు లేచే దుమ్ముతోనే అసలు ముప్పు. తుపానుకు పగిలిన రేకు ముక్కల్ని ఉత్త చేతులతో ఏరి, పొడి చేసి గుంతల్లో పోయడం మానుకోవాలి. తడిపి, ముక్కుకు గుడ్డ కాదు, సరైన మాస్కు పెట్టుకుని తీయాలి.

స్లాబు పడితే పండగే!

'ఇల్లు ఎలాంటిది? స్లాబేనా?' సంబంధాలు మాట్లాడేటప్పుడు ఈ ప్రశ్న రాకుండా ఉండదు. స్లాబు పోసే రోజు సగం పెళ్లి సందడి. మిల్లర్ మోత, గంపల వరస, మేస్త్రీకి కొత్త బట్టలు, కూలీలకు భోజనాలు. 2006లో మొదలైన ఇందిరమ్మ ఇళ్లు, ఆ తర్వాత వచ్చిన ప్రభుత్వ పథకాలు పల్లెల్లో స్లాబు కలను పేదవాడి దాకా తెచ్చాయి.

గాలికి స్లాబు లేవదు. నాలుగున్నర అంగుళాల స్లాబు చదరపు మీటరుకు 280 కిలోల పైమాటే! పైగా డాబా అంటే ఇంటికి ఇంకో గది. మిరపకాయలు ఎండేది, వడియాలు పెట్టేది, వేసవి రాత్రి మడతమంచం వేసేది, రేపు పైన ఇంకో అంతస్తు లేపేది అక్కడే.

కానీ స్లాబుకూ తనదైన జబ్బుంది. నీరు నిలవడం! వాలు సరిగా పెట్టకపోతే, తూము ఆకులతో పూడిపోతే, పిట్టగోడ అడుగున మడుగు కడుతుంది. సన్నని పగులులోంచి దిగిన తేమ లోపలి ఇనుముకు చేరుతుంది. తుప్పు పట్టిన కడ్డీ ఉబ్బి కాంక్రీటును బయటికి తోస్తుంది. ఓ రోజు భోజనాల దగ్గర పైనుంచి పెచ్చు ఊడిపడుతుంది. చాలా ఇళ్లలో జబ్బు అప్పుడే బయటపడుతుంది. కానీ అది మొదలై ఏళ్లయి ఉంటుంది.

దీనికి ఊళ్లో దొరికే వైద్యం తారు షీటు. గ్యాసు మంటతో వేడిచేసి స్లాబుకు అతికిస్తారు. నల్లగా ఉంటే ఎండను మింగుతుంది కాబట్టి పైన తెల్లరంగు వేయించడం మేలు. తెల్ల కప్పు ఎండను తిప్పికొడుతుందన్న లెక్కతోనే తెలంగాణ ప్రభుత్వం 2023లో 'కూల్ రూఫ్' విధానం తెచ్చింది. సున్నం కొట్టిన తాతలకు తెలిసిన సంగతే ఇప్పుడు విధానంగా వచ్చింది!

అమెరికా కప్పు ఇక్కడ నిలుస్తుందా?

కొడుకో కూతురో డల్లాస్‌లోనో న్యూజెర్సీలోనో ఉన్న ఇంట్లో ఇంకో మాట వినిపిస్తుంది. 'నాన్నా, ఇక్కడ ఇళ్లకు స్లాబే ఉండదు. చెక్క మీద తారు పలకలు మేకులతో కొడతారు' అని. మొదట విన్నవాళ్లు నవ్వుతారు. కోటి రూపాయల ఇంటికి తారు అట్టా!

నిజమే. వాటినే ఆస్ఫాల్ట్ షింగిల్స్ అంటారు. 1903లో మిషిగన్ రాష్ట్రం గ్రాండ్ రాపిడ్స్‌లో హెన్రీ రేనాల్డ్స్ అనే కాంట్రాక్టరు తారు చుట్టల్ని చిన్న పలకలుగా కత్తిరించడంతో ఇవి మొదలయ్యాయని చెబుతారు. మధ్యలో గాజునార పొర, దానికి రెండు వైపులా తారు, పైన రాతి రవ్వ. రవ్వ ఎండ నుంచి తారును కాపాడుతుంది. చేప పొలుసుల్లా కింది వరసను పై వరస కప్పుతుంది. పలక కింద జిగురు పట్టీ ఉంటుంది. ఎండకు అది కరిగి కింది పలకను అంటుకుంటుంది. మామూలుగా ఒక్కో పలకకు నాలుగు మేకులు, గాలి ప్రాంతాల్లో ఆరు. గంటకు 177 కిలోమీటర్ల గాలికి పరీక్షించిన రకాలూ ఉన్నాయి.

మరి దర్శిలో? గాలికి నిలుస్తుంది, వాననూ ఆపుతుంది. చిక్కల్లా కింది చెక్కతోనే. ప్లైవుడ్డు ఇక్కడ ఖరీదు, పైగా చెదలకు విందు. నిప్పులాంటి ఎండకు తారు త్వరగా పెళుసెక్కుతుంది, రవ్వ రాలుతుంది. అమెరికాలో పాతికేళ్లు అని చెప్పే పలకకు ఇక్కడ ఆ భరోసా ఇవ్వలేం. కేరళలోలా వాలు స్లాబు పోసి దానిమీద అంటిస్తే చెద బాధ తప్పుతుంది. కానీ అప్పుడు డాబా పోతుంది. మిరపకాయలు ఎక్కడ ఎండాలి?

విచిత్రం ఏమిటంటే ఆ తారు పలక అనుకరించేది రాతి పలకనే. రాతి పలకల కప్పులతో పేరు తెచ్చుకున్న వేల్స్ గనుల ప్రాంతాన్ని 2021లో యునెస్కో ప్రపంచ వారసత్వంగా గుర్తించింది. అలాంటి రాయి పొదిలి దాటి వెళితే మార్కాపురంలోనే దొరుకుతుంది! మన బడిపిల్లలు అ ఆలు దిద్దిన పలకలు ఆ గనులవే. అక్కడి రాయి విదేశాలకూ వెళుతోంది.

పైనుంచి పడే తాగునీరు

కప్పు గురించి ఆలోచించేటప్పుడు దర్శి వాళ్లు మరవకూడని లెక్క ఇంకొకటుంది. ఈ మెట్ట ప్రాంతం బోరునీటిలో ఫ్లోరైడ్ బాధ ఎరిగినది. పచ్చబడిన పళ్లు, వంగిన నడుములు ఆ నీటి గుర్తులే. వాన నీటిలో ఆ విషం ఉండదు. వెయ్యి చదరపు అడుగుల డాబా మీద పది సెంటీమీటర్ల వాన పడితే దాదాపు 9,300 లీటర్ల నీరు. మొదటి వాన కప్పును కడగనిచ్చి, ఆ తర్వాతి నీటిని వడగట్టి తొట్టిలో నింపుకుంటే ఓ కుటుంబం వంటకు, తాగడానికి నెలల తరబడి సరిపోతుంది. శుభ్రమైన స్లాబు, పెంకు ఇందుకు పనికొస్తాయి. తారు పలక, ఆస్‌బెస్టాస్ రేకు మీది నీటిని తాగడానికి వాడకపోవడమే మంచిది.

చివరికి ఏ కప్పు మేలు? చేతిలో డబ్బును బట్టి, ఇంట్లో పంటను బట్టి ఎవరి జవాబు వాళ్లది. స్లాబు వేసేవాళ్లు వాలుకు, తూముకు పెట్టే ఖర్చులో పిసినారితనం చూపకూడదు. రేకు వేసేవాళ్లు బోల్టులు లెక్కబెట్టుకోవాలి. పెంకుటిల్లు మిగిలి ఉన్నవాళ్లు దాన్ని పడగొట్టే ముందు ఓ మే నెల మధ్యాహ్నం అందులో కాసేపు పడుకుని చూడాలి.

కార్తీకం వస్తుంది. మళ్లీ మబ్బు పడుతుంది. రైతు చూపు ఆకాశం నుంచి కల్లానికి, కల్లం నుంచి కప్పుకు తిరుగుతుంది. ఆ మూడో చూపులో బెంగ లేకపోతే... ఆ ఇల్లు బాగా కట్టినట్టే!